ప్రాణమున్న గవ్వను పట్టుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్తున్నాం. మా పదేళ్ల బాబుకు గవ్వలు ఏరడమంటే పిచ్చి. అక్కడి పగడపు దిబ్బల్లో మనిషిని చంపేంత విషమున్న నత్త ఉంటుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? కుడితే ఏం చేయాలి? షోకేసులోని గవ్వలతోనూ ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజమేనమ్మా. వాటిని కోన్ స్నెయిల్స్ అంటారు. అండమాన్, లక్షద్వీప్ సముద్రాల్లోనూ ఉన్నాయి. వందల రకాల్లో మనిషికి ఎక్కువ ముప్పు జాగ్రఫీ కోన్‌తోనే. గోధుమరంగు మచ్చల పెంకుతో 10–15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పగలు ఇసుకలో, రాళ్ల కింద దాగి, రాత్రి చేపల్ని వేటాడుతుంది. తొండం చాచి, ఇంజెక్షన్ సూదిలాంటి బోలు పన్ను గుచ్చి విషం ఎక్కిస్తుంది. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో, చేత్తో పట్టుకున్న ఈ నత్త కుట్టి ఒక యువకుడు కొన్ని గంటల్లోనే చనిపోయాడు.

కుట్టినచోట నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అదే అసలు ప్రమాదం, ఏమీ కాలేదనుకుని ఊరుకుంటారు. ఈ విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను ఆపేస్తుంది. ముందు తిమ్మిరి, తర్వాత చూపు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం. చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి.

కుడితే వెంటనే నీళ్లలోంచి బయటికి తెచ్చి పడుకోబెట్టండి. వేళ్ల దగ్గర్నుంచి పైదాకా క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, బద్ద కట్టి, ఆ చెయ్యి లేదా కాలు కదలనివ్వకండి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. నొప్పి లేకపోయినా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారిలో ఊపిరి ఆగితే నోటితో శ్వాస అందిస్తూనే ఉండాలి. దీనికి విరుగుడు మందు లేదు. విషం ప్రభావం తగ్గేదాకా వెంటిలేటర్‌తో ఊపిరి నిలబెట్టడమే చికిత్స. సమయానికి అది అందితే చాలామంది కోలుకుంటారు.

షోకేసులోని ఖాళీ గవ్వలతో భయం లేదు. సముద్రంలో ఉన్నది ఖాళీదో, లోపల నత్త ఉన్నదో పిల్లలకు తెలియదు. వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదన్న మాట నమ్మవద్దు, తొండం అటూ తిరుగుతుంది. గుడ్డ, పల్చటి గ్లోవ్స్ గుండా కూడా పన్ను దిగుతుంది. జేబులో అసలే వేసుకోకూడదు. పైగా కొన్ని రకాల గవ్వలు ఏరడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాబుకు గవ్వల్ని చూడటం, ఫొటో తీయడం నేర్పండి. మీ బ్యాగులో రెండు వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు పెట్టుకుని నిశ్చింతగా వెళ్లిరండి.