అందెల సవ్వడి – అవరోహణ వాక్యము

ఓరుగల్లు పతనానంతరము బస్తరునకు తరలిన కాకతీయ అన్నమదేవుని వెన్నంటి దంతేశ్వరీదేవి నడచివచ్చెననియు, వెనుదిరుగరాదను నియమము గల ఆ రాజు, శంఖినీ డంకినీ నదుల సంగమమున ఆమె అందెలు ఇసుకలో కూరుకొని సవ్వడి ఆగినంతనే వెనుదిరిగి చూడగా ఆమె అచ్చటనే వెలసెననియు ఐతిహ్యము. జగదల్‌పూర్ విమానాశ్రయము నేడు ఆ తల్లి పేరనే వెలయుచున్నది. 2020 సెప్టెంబరులో అచ్చటినుండి హైదరాబాదునకు ఏటీఆర్ విమానములు ఎగురసాగినవి. ఆ విమానములను సురక్షితముగ దింపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు వృత్తికిని చెవియే ప్రాణము.

క్రింద మరియొక విమానమున్నచో నిలువున 1,000 అడుగుల ఎడము చెడకుండ మెట్లు మెట్లుగా దింపుట కంట్రోలరు ధర్మము. ‘డిసెండ్’ అనినచో పైలటు వెంటనే దిగవలెను. ‘వెన్ రెడీ డిసెండ్’ అనినచో ఆరంభవేళ అతని ఇష్టము. పై ఎత్తులు 1013.2 హెక్టోపాస్కళ్ల ప్రామాణిక పీడనముతో ‘ఫ్లైట్ లెవెల్’గను, నేలకు చేరువ ఎత్తులు స్థానిక పీడనమగు ‘క్యూఎన్‌హెచ్’తో అడుగులలోను చెప్పబడును; ఆ పీడనమున పది హెక్టోపాస్కళ్లు పొరబడినచో ఎత్తులో సుమారు 270 అడుగుల తేడా వచ్చును. కనుకనే పైలటు ప్రతి అంకెను తిరిగి పలుకవలెను, కంట్రోలరు దానిని సరిచూడవలెను. మౌనము అర్ధాంగీకారమను లోకోక్తి ఇచ్చట చెల్లదు. బదులు రానిచో మరల పిలువవలసినదే. ఫ్లైట్ లెవెల్ 100ను ‘వన్ హండ్రెడ్’ అనియు 110ను ‘వన్ వన్ జీరో’ అనియు పలుకుట, ఒకటి మరియొకటిగ వినబడకుండుటకే.

భౌతిక, గణిత శాస్త్రములతో బీఎస్సీ గాని, ఏదేని సెమిస్టరులో ఆ రెండును చదివిన ఇంజనీరింగు పట్టము గాని గలవారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రకటించు జూనియర్ ఎగ్జిక్యూటివ్ కొలువులకు అర్హులు. సాధారణ వయఃపరిమితి 27 ఏండ్లు. రిజర్వుడు వర్గములకు సడలింపు కలదు. కంప్యూటరు పరీక్ష పిమ్మట కంఠస్వర, మానసిక, వైద్య పరీక్షలుండును. ఎంపికైనవారికి ప్రయాగరాజ్, హైదరాబాదు, గోందియా కేంద్రములలో శిక్షణ, అటుపై నియమిత విమానాశ్రయమున పర్యవేక్షణలో అభ్యాసము జరుగును. ‘రేటింగు’ అను అర్హత లభించినగాని స్వతంత్రముగా మైకు పట్టరాదు.

బస్తరు విద్యార్థి నేటినుండియే ఒక అభ్యాసము చేయవచ్చును: మిత్రుడొకడు ఎత్తు, దిశ, పీడనము అను మూడంకెలను ఆంగ్లమున వేగముగా ఒక్కమారు చదువవలెను, తాను వ్రాసికొనక, తడబడక, వరుస తప్పక తిరిగి పలుకవలెను. మిత్రుడు ఆ అంకెలనే మరల పలుకుచు నడుమనడుమ ఒక అంకె బుద్ధిపూర్వకముగ మార్చి చెప్పినపుడు తాను దానిని పట్టగలుగుటయే ఈ వృత్తికి తొలి యోగ్యతాపత్రము.