మాల వేసుకునే ముందు

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

ఈ కార్తీకంలో అయ్యప్ప మాల ధరించి ఆనాటి నుంచే కల్లు మానివేయదలచినట్లు చిరంజీవి రాసిన జాబు ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగించినా, పూట తప్పితే చేతులు వణుకుతున్నట్లు అందులోనే ఒక మూల రాసిన మాట పెద్దనాయనకు నిద్ర పట్టనివ్వడం లేదు. మానడం మంచిదే, ఒక్కసారిగా మానడమే ప్రమాదం.

ఈతచెట్టు నుంచి దించిన కల్లు గాలిలోని ఈస్టు అనే సూక్ష్మజీవుల వల్ల తనంతట తానే పులుస్తుంది, అందులో ఆల్కహాలు స్వల్పంగానే ఉంటుంది. వానలు తప్పిన ఏడాది చెట్లలో కల్లు తగ్గుతుంది గానీ దుకాణానికి వచ్చేవారు తగ్గరు. ఆ లోటును నీళ్లతో, శాక్రిన్‌తో పూడ్చి, పోయిన మత్తును క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులతో తెప్పిస్తారు. వీటిలో మొదటిది నిద్ర పుచ్చే రసాయనం కాగా, తక్కిన రెండూ బెంజోడయజెపైన్లు, అనగా ఆందోళనకు, మూర్ఛకు వైద్యులు కొలిచి ఇచ్చే మందులు. దుకాణంలో కొలిచేవారెవరు? ఆల్కహాలుతో కలిసి మోతాదు మించితే ఇవి శ్వాసను మందగింపజేస్తాయి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు పరీక్షల్లో బయటపడింది ఆల్ప్రజోలమే.

మెదడును శాంతపరచే గాబా అనే సహజ రసాయనానికి ఈ మందులు బలం చేకూరుస్తాయి, నెలల తరబడి ఆ ఆసరాకు అలవాటు పడిన మెదడు తన సొంత కట్టడిని సడలించుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే పట్టే పగ్గమేదీ లేక వణుకు, చెమటలు, నిద్రలేమి, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. దీనినే వైద్యులు విత్‌డ్రాయల్ అంటారు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగి కల్లులో మందు తగ్గినప్పుడు, నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది మెడలు వంకర్లుపోయి, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. వారు ఆనాడు తాగినందువల్ల కాదు, తాగినదానిలో అలవాటైన మందు లేనందువల్ల.

పెద్దనాయన యౌవనంలో మడకశిర వైపు సంబంధం చూడబోయి, పిల్లను చూడకముందే ఈతవనంలో కూర్చుండిపోయిన కథ చిరంజీవి చిన్ననాడు ఒడిలో కూర్చుని మళ్లీమళ్లీ చెప్పించుకున్నదే. కల్తీ లేని ఆనాటి కల్లును ఆరునెలలు మానినా ఒళ్లు తేలికపడిందే తప్ప వణకలేదు. అందుచేతనే ఊళ్లో పెద్దలు నేటికీ మానడమంటే మొండి పట్టుదల ఒక్కటే చాలనుకుంటారు. చిరంజీవికి పట్టుదల కొదవలేదు, చిన్నతనంలో జ్వరంలోనూ బడి మాననివాడు. అయితే ఫిట్స్‌కు పట్టుదలతో పని లేదు.

కనుక దీక్షకు ముందే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవాలి. అక్కడి వైద్యులు తగిన మందును కొలిచి ఇచ్చి, దానిని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. ఈలోగా వణుకు పెరిగినా, ఫిట్స్ వచ్చినా ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి వెంటనే వెళ్లాలి, మెడికల్ షాపులో అడిగి మాత్ర మింగరాదు. సలహాకు 14446 అనే ఉచిత ఫోను కూడా ఉంది. మాల వచ్చే ఏడాది వేసుకున్నా స్వామి ఏమీ అనుకోడు.

సోమవారం ఉదయం ఓపీ చీటీ రాసే వేళకు పెద్దనాయన ధర్మవరం నుంచి నేరుగా అక్కడికి వస్తాడు. ఎన్నాళ్లుగా, రోజుకు ఎంత తాగినదీ చిరంజీవి వైద్యుడి వద్ద దాచకూడదు. ఆ మాటలు చెప్పేటప్పుడు పెద్దనాయన గది బయటే కూర్చుంటాడు.