పంపు జడత్వం - నాలుగు రెట్ల తేడా

పొలం దగ్గర మోటారు స్విచ్ ఆపినా పంపు కాసేపు తిరగడం మనలో చాలామందిమి చూశాం. దానికి కారణం ఇంటర్‌లో మార్కుల కోసం కంఠస్థం చేసిన జడత్వ భ్రామకమే: ద్రవ్యరాశి × భ్రమణ వ్యాసార్థపు వర్గం.

ఎత్తిపోతల పథకాల్లో పైపుల భద్రత దీనితో ముడిపడి ఉంది. కరెంటు పోగానే, జడత్వం తక్కువగా ఉన్న సెంట్రిఫ్యూగల్ పంపు త్వరగా ఆగుతుంది. పైపులో పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. తర్వాత నీరు వెనక్కి వచ్చి కొట్టే దెబ్బే వాటర్ హామర్. దానికి పైపు పగలవచ్చు.

లెక్కలో మోటారు రోటారు, కప్లింగు, ఇంపెల్లరు, అందులోని నీరు అన్నీ కలపాలి. సాధారణంగా ఎక్కువ వాటా రోటారుదే.

మనం ముఖ్యంగా గమనించవలసింది ఒకటి ఉంది. కొన్ని కేటలాగుల్లో ‘జీడీ స్క్వేర్’ ఇస్తారు. అందులో వ్యాసార్థానికి బదులు వ్యాసం తీసుకుంటారు కాబట్టి విలువ 4 రెట్లు ఉంటుంది. అక్కడ 40 ఉంటే జడత్వ భ్రామకం 10 కిలోగ్రామ్-మీటర్ స్క్వేర్ మాత్రమే. నిమిషానికి 1480 చుట్ల వద్ద దాని గతిజశక్తి సుమారు 120 కిలోజౌళ్లు. పొరపాటున 40 వేస్తే 480 వస్తుంది. పంపు నిదానంగా ఆగుతుందని లెక్క చెబుతుంది, పెట్టిన రక్షణ చాలదు.

కాబట్టి మిత్రులారా, అంకె రాసుకునే ముందు అది దేని విలువో చూసుకుందాం.