మందు గురించి సందేహం వస్తే ఎవరిని అడగాలి? వైద్య గ్రంథాలయం నేర్పే పాఠం



ఈ పాఠంలో గ్రంథాలయం గురించి చెప్పాలనుకుంటున్నాను. "వార్డు బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళం, మాకు గ్రంథాలయంతో ఏం పని సిస్టర్?" అని మీరు అడగవచ్చు. ముందు మా కాన్పుల వార్డులో జరిగిన సంగతి వినండి.

ఒక రాత్రి పదకొండు గంటలకు తొలిచూలు అమ్మాయిని నొప్పులతో తీసుకువచ్చారు. అప్పటికి 31 వారాలే. డాక్టరమ్మగారు పరీక్షించి, నొప్పులు ఆగేలా లేవనీ, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజక్షన్ వెంటనే మొదలుపెట్టాలనీ చెప్పి, ఇంకో ఆపరేషనుకు వెళ్ళారు. నేను ఇంజక్షన్ తీసుకుని వెళ్ళేసరికి భర్త అడ్డంగా నిలబడ్డాడు.

"అది స్టెరాయిడ్ కదా సిస్టర్. దానివల్ల పసిపిల్లలు చనిపోయారని దీంట్లో చెప్పారు" అని సెల్‌ఫోన్‌లో వీడియో చూపించాడు. అత్తగారు కూడా "వద్దమ్మా, మా కోడలికి అలాంటివి వెయ్యొద్దు" అన్నది.

"మంచి మందే బాబూ, డాక్టరమ్మగారు చెప్పారు కదా" అన్నాను. నాకు అంతకంటే చెప్పడం చేతకాలేదు. అయితే భయపడేవారికి అది జవాబు కాదు. వాళ్ళు ఒప్పుకోకుండా మేము వేయలేము. అలా అయిదు గంటలు గడిచాయి. తెల్లవారుజామున డాక్టరమ్మగారు వచ్చి, వాళ్ళ పక్కనే కూర్చుని విడమర్చి చెప్పిన తర్వాత ఒప్పుకున్నారు. మొదటి ఇంజక్షన్ వేశాము. రెండోది వేసే లోపే కాన్పు అయింది. బిడ్డను మూడు వారాలకు పైగా బాక్సులో ఉంచవలసి వచ్చింది. దేవుని దయవల్ల క్షేమంగా ఇంటికి వెళ్ళాడు. ఆ అయిదు గంటలు పోకపోతే ఆ బిడ్డకు ఇంత కష్టం తప్పేదో లేదో నేను చెప్పలేను. కాని ఆ రాత్రి నా దగ్గర సరైన జవాబు ఉండవలసింది.

తరువాత డాక్టరమ్మగారిని అడిగాను, "మేడం, ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధమేనా?" ఆమె, "ఊహించి చెప్పడం ఎందుకు, అడిగి తెలుసుకుందాం" అని తాను చదివిన వైద్య కళాశాల గ్రంథాలయానికి మా ప్రశ్న పంపించారు.

వైద్య గ్రంథాలయంలో ఏముంటుంది?

వైద్య విశ్వవిద్యాలయాలకు, వైద్య కళాశాలలకు, నర్సింగ్ కళాశాలలకు గ్రంథాలయాలు ఉంటాయి. పాఠ్యపుస్తకాలతో పాటు, కొత్తగా జరిగిన పరిశోధనల వివరాలు ప్రచురించే వైద్య పత్రికలు అక్కడికి వస్తాయి. ఇప్పుడు వాటిలో చాలా భాగం కంప్యూటరులోనే చదువుతారు. లైబ్రేరియన్ గారి పని పుస్తకం తీసి ఇవ్వడంతో అయిపోదు. డాక్టరు, నర్సు, విద్యార్థి అడిగిన ప్రశ్నకు తగిన పరిశోధనలను వెదకి పెడతారు. తమ దగ్గర లేని వ్యాసాన్ని వేరే గ్రంథాలయం నుండి తెప్పిస్తారు. ఎలా వెదకాలో శిక్షణ కూడా ఇస్తారు. అయితే జబ్బు ఏమిటో తేల్చడం, మందు రాయడం వారి పని కాదు. అది డాక్టరు పనే.

వైద్య గ్రంథాలయాలలో ప్రపంచంలోకెల్లా పెద్దది అమెరికాలోని బెథెస్డాలో ఉన్న జాతీయ వైద్య గ్రంథాలయం. 1836లో సైనిక వైద్యాధికారి కార్యాలయంలో కొద్దిపాటి పుస్తకాలతో మొదలైంది. జాన్ షా బిల్లింగ్స్ అనే డాక్టరు దానిని పెంచి, 1879లో 'ఇండెక్స్ మెడికస్' అనే సూచిక ప్రారంభించారు. ఏ జబ్బు గురించి ఏ పత్రికలో ఏమి వచ్చిందో అందులో వరుసగా ఉండేది. ఆ పని ఇప్పుడు కంప్యూటరులో 'పబ్‌మెడ్' అనే పేరుతో సాగుతోంది. 1997 నుండి దానిని అందరికీ ఉచితంగా తెరిచారు. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి.

లైబ్రేరియన్ గారు అడిగిన నాలుగు ప్రశ్నలు

మా ప్రశ్న చూసి లైబ్రేరియన్ గారు వెంటనే వెదకలేదు. ముందు మమ్మల్నే నాలుగు ప్రశ్నలు అడిగారు.

1. ఎవరికి? (ఎన్నో వారం గర్భిణికి, ఎటువంటి ఆసుపత్రిలో?)
2. ఏ చికిత్స?
3. దేనితో పోల్చి? (ఆ చికిత్స ఇవ్వనివారితోనా, వేరే మందుతోనా?)
4. ఏ ఫలితం తెలుసుకోవాలి? (బిడ్డ బ్రతకడమా, శ్వాస కష్టమా, తల్లి క్షేమమా?)

మొదటి ప్రశ్న దగ్గరే మా సందేహం సగం విడిపోయింది. ఎందుకో చూడండి.

ఒక ఇంజక్షన్ కథ

నెలలు నిండకుండా పుట్టే బిడ్డల ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోవు. తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇస్తే ఆ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధపడతాయని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద చేసిన పరిశోధనలో గమనించారు. తరువాత హౌవీ అనే డాక్టరుతో కలిసి తల్లుల మీద చేసిన పరీక్ష ఫలితాన్ని 1972లో ప్రచురించారు. 1991 నాటికి ఇటువంటి పరీక్షలు మరి ఏడు వచ్చాయి. అయినా చాలా ఆసుపత్రులలో ఆ మందు వాడలేదు. కాగితాలు గ్రంథాలయాలలో విడివిడిగా పడి ఉన్నాయి, అన్నిటినీ ఒకచోట చేర్చి చదివినవారు తక్కువ. ఆ సంవత్సరాలలో బ్రతకగలిగిన బిడ్డలు వేలల్లో చనిపోయి ఉంటారు.

ఈ బాధలోనుండే 1993లో కాక్రేన్ అనే సంస్థ పుట్టింది. ఒకే ప్రశ్న మీద జరిగిన పరీక్షలన్నిటినీ వెదకి, కలిపి చూసి, ఫలితం చెప్పడం దాని పని. ఈ ఇంజక్షన్ పరీక్షల ఫలితాల గీతలనే ఆ సంస్థ తన గుర్తుగా పెట్టుకుంది. మన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు కూడా ఈ పనిలో పాలుపంచుకున్నారు.

ఇక వీడియో సంగతి. అది పూర్తిగా కల్పించింది కాదు. భారతదేశంతో సహా ఆరు దేశాలలో, సుమారు లక్ష కాన్పులతో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2015లో అచ్చయింది. మన దేశంలో నాగపూర్, బెళగావి ప్రాంతాలు అందులో ఉన్నాయి. గ్రామాలలో, చిన్న ఆసుపత్రులలో కూడా ఈ ఇంజక్షన్ విస్తారంగా ఇచ్చినప్పుడు మేలు కనబడలేదు. అన్ని కాన్పులూ కలిపి చూస్తే, ఇచ్చిన ప్రాంతాలలో శిశుమరణాలు కొంచెం పెరిగాయి. అక్కడ ఇంజక్షన్ పొందిన తల్లులలో చాలామంది చివరకు నెలలు నిండిన తరువాతే కన్నారు. అంటే అవసరం లేనివారికి కూడా ఆ మందు వెళ్ళింది.

అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్ళీ పరీక్ష చేయించింది. ఈసారి భారతదేశం, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాలలో 29 ఆసుపత్రులను తీసుకున్నారు. వారాలు సరిగా లెక్కగట్టి, 26 నుండి 34 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉన్న 2,852 మంది తల్లులను చేర్చుకున్నారు. 2020లో ఫలితం వచ్చింది. మందు లేని ఇంజక్షన్ ఇచ్చినవారిలో, ప్రాణంతో పుట్టిన ప్రతి 100 మంది బిడ్డలలో 23 లేక 24 మంది మొదటి నెలలో చనిపోగా, డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో ఆ సంఖ్య సుమారు 20కి తగ్గింది. తల్లులకు ఇన్ఫెక్షన్ పెరగలేదు.

మందు ఒకటే. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు ఇచ్చారన్నదే తేడా. మా వార్డుకు వచ్చిన అమ్మాయి రెండో పరిశోధనలోని తల్లుల వంటిది. వీడియో చేసినవారు మొదటిది మాత్రం చెప్పి వదిలేశారు. సగం నిజం కూడా మంచం మీద ఉన్నవారికి హాని చేయగలదు.

మీరు ఏమి చేయవచ్చు?

చాలా వైద్య కళాశాల గ్రంథాలయాలు విద్యార్థులకు, సిబ్బందికి మాత్రమే. బయటివారు ముందుగా అనుమతి అడగాలి. కాని మీ ప్రశ్న అక్కడికి వెళ్ళడానికి మీరే వెళ్ళనక్కరలేదు. మీ డాక్టరును, నర్సును అడగండి. మా దగ్గర జవాబు లేకపోతే మేము వెదకించి చెబుతాము.

మీ ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే 'మెడ్‌లైన్‌ప్లస్' చూడమనండి. అది ప్రజల కోసం ఆ జాతీయ వైద్య గ్రంథాలయమే 1998లో ప్రారంభించినది. వ్యాపార ప్రకటనలు ఉండవు, ఉచితం. కాక్రేన్ సమీక్షల సారాంశాలు కూడా సులభమైన భాషలో ఉచితంగా దొరుకుతాయి. చదివినది తీసుకుని మా దగ్గరకు రండి. దాన్ని చూసి మేము విసుక్కోము.

గుర్తుంచుకోండి

* ఫోనులో వచ్చిన మాట విన్నప్పుడు ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో, ఎటువంటి రోగుల గురించి అని చూడండి. చెప్పేవారు ఏదైనా అమ్ముతున్నారా అని కూడా చూడండి.
* ఒక్కరి అనుభవం నిజమే కావచ్చు. అయినా అది అందరికీ వర్తించదు.
* సందేహం ఉంటే దాచుకోకండి, మందు మీ అంతట మీరు ఆపకండి. ముందు అడగండి. "ఈ మందు మా మనిషికి ఎందుకు? ఇవ్వకపోతే ఏమవుతుంది? ఎంతసేపటిలో నిర్ణయించాలి?" ఈ మూడూ అడిగే హక్కు మీకుంది.
* కొన్ని చికిత్సలకు గంటలు కూడా ముఖ్యమే. సందేహం రాగానే అడగండి, రాత్రయినా సరే.

ఆ కాగితాలను తెలుగులో క్లుప్తంగా రాసి ఇప్పుడు మా కాన్పుల వార్డులో ఉంచాము. ఎవరైనా "అది స్టెరాయిడ్ కదా సిస్టర్" అంటే, వారి పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ప్రార్థన చేయండి, ప్రశ్న కూడా అడగండి. రెండూ మీ మనిషి మీద ఉన్న ప్రేమతో చేసేవే.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.