ఎండుమట్ట నుంచి టర్బైను దాకా

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు శక్తి మార్పిడి ఎలా చెప్పాలండీ?
– ఓ ఉపాధ్యాయురాలు, కొత్తపేట

జవాబు: పాఠం కొబ్బరితోటలో మొదలుపెట్టండి టీచరుగారూ. ఆకు ఎండను రసాయనశక్తిగా దాచుకుంటుంది. ఎండుమట్ట పొయ్యిలో పెడితే ఆ శక్తే వేడి, వెలుగు అవుతుంది. ఇసుకలో మోకాలెత్తు నుంచి ఒకసారి, తలెత్తు నుంచి ఒకసారి కాయ వదిలి, గుంటల లోతు కొలిపించండి. ఎత్తు పెరిగితే స్థితిశక్తి పెరుగుతుంది. పడేటప్పుడు అదే గతిశక్తి. గుంట ఎందుకు లోతైందో పిల్లలే చెబుతారు.

తర్వాత కాలువగట్టుకు తీసుకెళ్లండి. రబీలో మన చేలకొచ్చే నీళ్లలో సీలేరు నదివీ ఉంటాయి. అవి కాయలాగే ఎత్తు నుంచి పడి, మోతుగూడెం దగ్గర 115 మెగావాట్ల టర్బైన్లను తిప్పి కరెంటు పుట్టించి, శబరి మీదుగా గోదావరిలో కలిసి, ధవళేశ్వరం నుంచి మన కాలువల్లోకి వస్తాయి.

ప్రతి మెట్టులోనూ ‘ఈ శక్తి ఎక్కణ్నుంచి వచ్చింది?’ అని అడగండి. ఆ ప్రశ్నే అసలు పాఠం.