కెమెరాకు బ్యాటరీ గ్రిప్ అవసరమా?

ప్రశ్న: కోటప్పకొండ తిరునాళ్ల ఫొటోల కోసం కెమెరాకు బ్యాటరీ గ్రిప్ కొనడం మంచిదా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: బ్యాటరీ గ్రిప్‌ను కెమెరా అడుగున బిగిస్తారు. చాలా మోడళ్లలో రెండు బ్యాటరీలు పడతాయి. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు వేలికి అందేలా మరో షట్టర్ బటన్ ఉంటుంది.

మహాశివరాత్రికి కోటప్పకొండ దగ్గర నిలిపే విద్యుత్ ప్రభలు చాలా ఎత్తైనవి. అవి ఫ్రేములో పట్టాలంటే ఎక్కువగా నిలువు ఫొటోలే తీయాలి. సందడి రాత్రంతా సాగుతుంది, ఆ జనంలో బ్యాటరీ మార్చడం కష్టం. ఈ పనికి గ్రిప్ ఎంతో మేలు. బరువైన టెలిఫొటో లెన్స్ వేసినప్పుడు పట్టు కూడా కుదురుతుంది.

కొన్ని కెమెరాల్లో వేగమూ పెరుగుతుంది. నికాన్ డీ850 సెకనుకు 7 ఫ్రేములు తీస్తుంది. ఎంబీ-డీ18 గ్రిప్‌లో ఈఎన్-ఈఎల్18బీ బ్యాటరీ వేస్తే 9 తీస్తుంది. అయితే గ్రిప్ వల్ల ఫొటో నాణ్యత మారదు.

బరువు, ఖర్చు పెరగడం దీని లోపాలు. ఎత్తిపోతల జలపాతానికో, గుత్తికొండ బిలానికో వెళ్లేవారికి జేబులో అదనపు బ్యాటరీ ఒకటి చాలు. గ్రిప్ మోడల్‌ను బట్టి ఉంటుంది. కెమెరా మారిస్తే చాలాసార్లు పనికిరాదు. ఉత్సవాలు, పెళ్లిళ్లు తరచుగా తీసేవారు కొనవచ్చు. ఏడాదికోసారి తీసేవారికి అదనపు బ్యాటరీలే మేలు.