వాల్వ్ తిప్పి చూశాకే ఫైల్ సేవ్ చేయండి

ఖమ్మం జిల్లా వైరా లాంటి పట్టణానికి వాటర్ సప్లై మోడల్ అప్‌డేట్ చేయమని మీ టేబుల్ మీదికి ఫైల్ వచ్చిందంటే, దాని వెనకాల ఏదో ఒక డీపీఆర్ ఉందనే లెక్క. 2021 అక్టోబరులో అమృత్ 2.0 మొదలయ్యాక మంచినీటి పనుల నిధులు పెద్ద నగరాలు దాటి చిన్న మున్సిపాలిటీల దాకా వచ్చాయి. పైవాళ్లకు కావాల్సింది ఒక రిపోర్టు, అదీ ఈ వారంలోనే. మీకు కావాల్సింది రెండేళ్ల తర్వాత కూడా మీ పేరు చెడగొట్టని మోడల్. ఈ రెండింటి మధ్య ఎలా నెట్టుకురావాలో చూద్దాం.

ముందుగా చేతికొచ్చేది పాత కాంట్రాక్టరు ఇచ్చిన డిజైన్ ఫైల్. అందులో ఉన్నది వేయాలనుకున్న పైపులు. భూమిలో ఉన్నవి వేరు. వైరా 2018లో మున్సిపాలిటీ అయింది, అంతకుముందు గ్రామ పంచాయతీ. ఇలాంటి ఊళ్లలో పంచాయతీ కాలం నాటి లైన్లు, మిషన్ భగీరథ కింద వేసిన లైన్లు, వెంచర్ల వాళ్లు సొంతంగా వేసుకుని కలిపేసిన లైన్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎక్కడ ఏది కలిసిందో కాగితం మీద దొరకదు. రోజూ నీళ్లు వదిలే లైన్‌మన్‌కు తెలుసు.

ఆయన్ని ఆఫీసుకు పిలిపించి మ్యాప్ ముందు కూర్చోబెట్టకండి. మీరు ఏది చూపించినా "అవును సార్" అంటాడు, పని అయిపోయిందని మీరు అనుకుంటారు. తెల్లవారుజామున ఆయన వాల్వ్ కీ భుజాన వేసుకుని బయల్దేరేటప్పుడు మీరూ వెళ్లండి. ఏ వాల్వ్ తర్వాత ఏది తిప్పుతున్నాడో, ఒక్కోటి ఎన్ని చుట్లు తిప్పుతున్నాడో రాసుకోండి. కొన్ని ఎదురు తిరుగుతాయి, అదీ రాయండి. "ఇది సగమే తెరుస్తా సార్, పూర్తిగా తెరిస్తే కింది బజారుకు నీళ్లు పోవు" అని ఆయన మామూలుగా అనేసే మాట మీ మొత్తం మోడల్‌ను మార్చేస్తుంది. పక్కకు నడిచి చూస్తే ఇంకో వాల్వ్ చాంబర్ మీద సీసీ రోడ్డు పోసేసి ఉంటుంది. అది తెరిచి ఉందో మూసి ఉందో ఆయనకూ గుర్తుండదు. దాన్ని ఫైల్‌లో 'ఓపెన్' అని పెట్టి ముందుకు పోకండి. 'తెలియదు' అని రాసి, తవ్వించడానికి పర్మిషన్ లెటర్ పెట్టండి. చిన్న ఊరు కాబట్టి మొత్తం నెట్‌వర్క్ కాలినడకన చూడొచ్చు. హైదరాబాద్ వాటర్ బోర్డులో పనిచేసేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

డేటా ఎంట్రీలో తరచూ జరిగేవి రెండు తప్పులు. ఒకటి డయామీటర్. హెచ్‌డీపీఈ పైపు మీద రాసే 110 ఎంఎం బయటి కొలత. పీఎన్ 10 రకంలో లోపలి కొలత సుమారు 97. మోడల్‌లో 110 కొట్టారంటే లాస్ ఉన్నదానికంటే దాదాపు సగమే చూపిస్తుంది. రెండోది లెవెల్స్. గూగుల్ ఎర్త్‌లో తీసిన లెవెల్ మూడు నాలుగు మీటర్లు తేడా రావచ్చు. సీపీహెచ్‌ఈఈఓ 1999 మాన్యువల్ ఒక అంతస్తు ఇళ్లకు అడిగిందే 7 మీటర్ల ప్రెషర్, రెండు అంతస్తులకు 12. లెవెల్ తప్పుతో ఆ 7లో సగం ఎగిరిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర, ఎత్తు వీధుల్లో, లైను చివర్లలో అయినా ఆటోలెవెల్ పెట్టించండి.

అసలు దెబ్బ తినేది డిమాండ్ దగ్గర. మున్సిపాలిటీకి మనిషికి రోజుకు 135 లీటర్లని భగీరథ లెక్క. ఒక వీధిలో 100 ఇళ్లు, ఇంటికి నలుగురు అనుకుందాం. రోజుకు 54,000 లీటర్లు. 24 గంటలకు పరిస్తే సెకనుకు 0.63 లీటర్లు. 50,000 లోపు జనాభాకు అదే 1999 మాన్యువల్ చెప్పిన పీక్ ఫ్యాక్టర్ 3 పెడితే 1.9 లీటర్లు. మోడల్ రన్ చేస్తే ప్రెషర్ చక్కగా కనిపిస్తుంది, మీరూ సంతోషిస్తారు. కానీ ఆ వీధికి నీళ్లు వదిలేది గంటసేపే అయితే, ఆ 54,000 లీటర్లూ ఆ గంటలోనే లాగాలి. అంటే సెకనుకు 15 లీటర్లు, పీక్‌కు ఎనిమిది రెట్లు. పైగా నల్లా తెరవగానే నీళ్లు నేరుగా సంపులో పడతాయి, కొందరు లైనుకే మోటారు బిగిస్తారు. 24 గంటల సప్లై అనుకుని కట్టిన మోడల్‌కు ఈ ఊరి గురించి ఏమీ తెలియదు.

మోడల్ రన్ చేసే ఈపానెట్ సాఫ్ట్‌వేర్‌ను అమెరికా పర్యావరణ సంస్థ 1993లో ఉచితంగా బయటపెట్టింది. దాని పాత పద్ధతిలో మీరు ఇచ్చిన డిమాండ్ ఎలాగైనా తీరుతుందనే లెక్క, కాబట్టి ఆ 15 లీటర్లు పెడితే నెగెటివ్ ప్రెషర్ వస్తుంది. అది చూసి డిమాండ్ తగ్గించి రిపోర్టు అందంగా చేసేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఆ నెగెటివ్‌కు అర్థం టెయిల్ ఎండ్ ఇళ్లకు నీళ్లు అందడం లేదని. 2020లో వచ్చిన 2.2 వెర్షన్‌లో ప్రెషర్‌ను బట్టి డిమాండ్ తగ్గే ఆప్షన్ ఉంది, అది వాడండి. వార్డుల వారీగా సప్లై టైములు కూడా లైన్‌మన్ చెప్పినట్టే ప్యాటర్న్‌లో పెట్టండి.

ఇక కాలిబ్రేషన్. 600 మీటర్ల పీవీసీ లైను, లోపలి కొలత 100 ఎంఎం, సెకనుకు 5 లీటర్లు పోతున్నాయి అనుకోండి. హేజెన్–విలియమ్స్ సూత్రంలో సీ విలువ 140 పెడితే లాస్ సుమారు 2.75 మీటర్లు. గేజ్ పెట్టి చూస్తే 13 మీటర్లు పోతోంది. సాయంత్రానికి రిపోర్టు ఇవ్వాలి. సీని 60కి దించితే మోడల్ అచ్చంగా కలుస్తుంది. చేయకండి. పీవీసీ పైపు సీ 60కి పడిపోదు. అక్కడ ఎక్కడో ఒక వాల్వ్ సగం మూసుకుని ఉంది, లేదా ఆ పైపు మీరనుకున్న సైజు కాదు. మీ 60ని నమ్మి వచ్చే ఏడాది ఇంకెవరో పెద్ద పైపు ఎస్టిమేట్ వేస్తారు, రోడ్డు తవ్వుతారు. పైపు మారాక కూడా వాల్వ్ అలాగే ఉంటే నీళ్లు రావు. అప్పుడు ఆడిట్ వెతికేది మీ ఫైల్.

దీన్ని తేల్చడం కష్టం కాదు. అదే లైను మీద నాలుగు చోట్ల గేజ్ పెట్టండి. ప్రెషర్ పొడవునా సమానంగా తగ్గుతుంటే పైపు సంగతి, ఒకచోట ఒక్కసారిగా పడితే అక్కడ వాల్వ్ ఉన్నట్టు. ఇది ఫ్లో ఎక్కువగా ఉన్నప్పుడే చేయాలి. రాత్రి ప్రశాంతంగా ఉంటుందని సెకనుకు ఒక లీటరు పోయేటప్పుడు కొలిచారనుకోండి, సీ 140 అయితే 0.14 మీటర్లు, 60 అయితే 0.67. మామూలు గేజ్‌లో ఒక గీతకు 0.2 కేజీ, అంటే 2 మీటర్లు. ఆ తేడా మీకు కనపడనే కనపడదు. అందుకే చివర వాష్ అవుట్ తెరిపించి నీళ్లు పారుతుండగా రీడింగ్ తీయాలి. వీధిలో నీళ్లు వృథా పోతున్నాయని గొడవ అవుతుంది, కౌన్సిలర్‌కు ముందురోజే చెప్పి పెట్టుకోండి. గేజ్‌లు కూడా మొదట అన్నీ ఒకే నల్లాకు బిగించి ఒకే రీడింగ్ చూపిస్తున్నాయో లేదో చూసుకోండి.

సోర్స్ వైపు ఒక మాట. వైరా రిజర్వాయర్ పూర్తి మట్టం 18.3 అడుగులు, ఎండాకాలంలో ఎంత దిగుతుందో అందరూ చూసిందే. రా వాటర్ పంపింగ్‌ను కూడా మోడల్‌లో కలుపుతుంటే ఒకే స్థిరమైన లెవెల్ పెట్టకండి, వర్షాకాలానికి, మే నెలకు రెండు సినారియోలు ఉంచండి. పట్టణం లోపలి పంపిణీ వరకే మీ పని అయితే దీని జోలికి పోకండి, ట్యాంకులో నీటిమట్టం గంటగంటకూ రాయించుకుంటే చాలు.

చివరికి సంతకం దగ్గర ఒత్తిడి వస్తుంది. "కాలిబ్రేటెడ్ అని రాసేయవయ్యా, తర్వాత చూద్దాం" అంటారు. ఎదురు తిరిగితే మీకే నష్టం, ఊరికే సంతకం పెట్టినా మీకే నష్టం. ఏయే జోన్లలో కొలిచారో, ఏ తేదీన కొలిచారో, ఎంత తేడాతో కలిసిందో ఒక పేజీ రాసి, "మిగతా జోన్లు కొలవలేదు" అన్న వాక్యంతో సహా రిపోర్టులోనే పెట్టండి. విడిగా నోట్ పెడితే అది ఫైల్‌లోంచి జారిపోతుంది. 'ఫైనల్', 'ఫైనల్ 2' అని పేర్లు పెట్టకండి, తేదీతో సేవ్ చేయండి. మార్చిన ప్రతి వాల్వ్‌కు, ప్రతి పైపుకు ఎవరు చెప్పారో, ఎవరు చూశారో పక్కన ఒక షీట్ ఉండాలి. కొత్త వెంచర్‌కు కనెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ ఆ షీట్‌లో ఒక వరుస చేరాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మీ మోడల్ కూడా ఆ పాత కాంట్రాక్టరు ఫైల్ లాంటిదే. బదిలీ ఆర్డర్ వస్తే మోడల్ ఫైల్‌తో పాటు ఆ షీట్ ప్రింట్ తీసి, తర్వాత వచ్చే ఏఈ చేత అందినట్టు సంతకం చేయించుకోండి. వీలైతే ఆయన్ని ఒక తెల్లవారుజామున లైన్‌మన్ వెంట పంపించి మరీ రిలీవ్ అవ్వండి.